పదిహేడో గడి

ఇరవై రెండు గడులు.
తపాలా బిళ్ల కన్నా చిన్నది ఒక్కొక్కటీ,
మధ్యలో పచ్చ ప్లస్ గుర్తు,
ఇక్కడ ఉండాలి అని.
ఉండదు.
నువ్వులు ఒలకబోసినట్టు రొద, అంతే.

రేడియోలో మాత్రం అరుస్తాయి ఇవి.
పక్క కిటికీ తెరిస్తే, అదే చోట,
లావుగా, సిగ్గులేకుండా వెలుగు.
పదిహేడోది మరీ గట్టిది.
పరారుణంలోకి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు.
తలుపు కొడుతున్న చప్పుడుంది,
తలుపు దగ్గర మనిషి లేడు.

పెదవాల్తేరులో మేడమీది గది నాది.
ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఫ్యాను
మూడు తిరుగుళ్లకోసారి మూలుగుతుంది.
ఉక్కు ఫ్యాక్టరీ వైపు ఆకాశం రాత్రంతా ఎర్రన,
రేవులో క్రేన్ల దీపాలు.
ఈ ఊళ్లో చుక్కలు చూసి ఎన్నాళ్లయిందో!
ఫర్వాలేదు, నా ఆకాశం హార్డ్‌డిస్కులో వస్తుంది,
భూగోళం కింది సగం నుంచి
ఎవరో ఎప్పుడో చూసి దాచిపెట్టింది.

"ఏమిటి కబురు?" అంటారు హైమవతి మేడం
మోకాలు పట్టుకుని మెట్లెక్కుతూ.
"ఏమీ కనబడలేదు మేడం."
"ఎంత కనబడలేదు?"

మొదటి ఏడాది ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు.
ఇరవై రెంటినీ ఒకదాని మీద ఒకటి పేర్చాను,
అన్నిటిదీ కలిసి చిన్న మెరుపైనా తేలుతుందేమోనని.
ఇరవై రెండు లేమిలు కలిసి
ఇంకాస్త నున్నటి లేమి అయ్యాయి.
ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు.

పుష్యమాసం. తెల్లవారుజాము నాలుగున్నర.
గంపలు మోసే కుర్రాడికి జ్వరమని
అప్పలకొండ పిన్నితో ఫిషింగ్ హార్బరుకి నేనే వెళ్లాను.
జెట్టీ చివర సముద్రం లేదు, మంచు ఉంది.
డాల్ఫిన్స్ నోస్ మీది లైటు
తడిగుడ్డతో తుడిచేసిన మరక.
వైర్‌లెస్ సెట్టులో ఎల్లాజీ గొంతు గరగరమని:
"వస్తన్నాం... ఐసు అయిపోనాది... కోనెం బాగా పడ్డాది..."
అందరం నీళ్లవైపే చూస్తున్నాం.
వినబడుతోంది. లేదు.

పిన్ని చూడ్డం లేదు.
అడ్డపొగ పీలుస్తోంది, నిప్పు నోటి లోపల పెట్టి.
పొగే తప్ప ఎరుపు కనబడదు.
ధూళి కప్పిందా, దూరం మింగిందా,
మూడేళ్లుగా నేను కొట్టుకుంటున్న ప్రశ్నలో
మొదటి సగం ఆవిడ బుగ్గలో కాలుతోంది.

చుట్ట తీసి, ఉమ్మేసి, అంది:
"దగ్గరుంటే దీపం అవుపడదేటి?
అవుపడనేదంటే బోయా కవతలే ఉన్నాడు.
అంత దూరాన్నించి ఇంత గొంతంటే పెద్ద బోటే.
గంట పడతాది. గంపలు కడిగీ."

నా మూడో అధ్యాయం మొత్తం అదే.

గంపలు కడుగుతూ పదిహేడోదాని గురించి ఆలోచించాను.
మన భూమికి మట్టి ఇంకా పోగుపడనప్పుడు
అక్కడెక్కడో ఒక నల్లటి ఆకలి
మింగినంత మింగి, మిగిలింది రెండువైపులా చిమ్ముతూ.
ఆ అరుపు చేరింది.
చుట్టూ ఉన్న నక్షత్రాల వెలుగు
సాగి సాగి, పలచబడి,
నా గడి గుమ్మం దాకా వచ్చి
లోపలికి రాలేకపోయింది.
అంత దూరమైతేనే ఇంత చీకటి కుదురుతుంది.
కుదురుతుందనే అంటున్నాను, అవునని కాదు.

బోటు గంటా పావుకి వచ్చింది.
పిన్ని లెక్కలో తప్పు పదిహేను నిమిషాలు.
నా లెక్కలో తప్పు వంద కోట్ల ఏళ్లు, అటో ఇటో.

గదికొచ్చి పట్టిక తెరిచాను.
పదిహేడు ఎదురుగా ఇన్నాళ్లూ ఉన్న అడ్డగీత చెరిపేసి
'కన్నా తక్కువ' గుర్తు పెట్టి
పక్కన ఒక అంకె వేశాను.
మేడం అడిగితే చెప్పడానికి.

ఏడు మీట మీద కోనెం పొలుసొకటి అంటుకుంది.
ఇంకా తియ్యలేదు.