అర్హత తేదీ

ఒంగోలు కలెక్టరేట్లో మూడో అంతస్తు.
ఏసీ నీళ్ళు బకెట్లోకి కారుతుంటే
మండలాలవారీగా మనుషుల్ని టైపు చేస్తున్నాను.
ఈ పేజీలో
పద్దెనిమిది దాటితేనే మనిషి.

సీసీ వచ్చి తల గోక్కున్నాడు.
"మండలానికీ మండలానికీ ఇంత తేడా ఎందుకో
ఒక్క పేరా రాసివ్వండి, సాయంత్రంలోగా."

వెలిగండ్ల గడి నిండుగానే ఉంది.
ఊరే నిండుగా లేదు.
బీఎల్వో పీరమ్మ ఫోన్లో అంటుంది:
"పేర్లన్నీ ఉండాయి మేడం, తలుపులకే తాళాలు.
బేల్దారి పనికి బెంగుళూరు పొయ్యారు.
తీసెయ్యమంటారా?"
వద్దన్నాను.
ఓటు రోజు బస్సు మాట్లాడుకుని వస్తారు,
వేలి మీద సిరా ఆరకముందే
మళ్ళీ సిమెంటు తట్ట.

చీమకుర్తికొచ్చేసరికి లెక్క తిరగబడింది.
క్వారీ గుంటల నిండా జనం,
జాబితాలో పిడికెడు.
బరంపురం బిరంచి తొమ్మిదేళ్ళుగా
మన నల్ల గెలాక్సీ రాయి కోస్తున్నాడు.
నీ ఓటెక్కడయ్యా అంటే
దుమ్ము తుమ్మి, ఉత్తరానికి చెయ్యి చూపించాడు.
అక్కడ అతని ఇంటి ముందు ఏ పీరమ్మ నిలబడి
ఎవరికి ఫోను చేస్తుందో.

కొత్తపట్నం ఉప్పుటేటి గట్టున
యానాది గుడిసెలు ఇరవై మూడు.
అక్కడ అందరూ జనవరి ఒకటినే పుట్టారు.
ఏ సంవత్సరమన్నది మేమే రాశాం
మొహం చూసి, బిడ్డల్ని లెక్కేసి.
యాకసిరి చెంచమ్మ మాత్రం
"పెద్ద ఉప్పెనప్పుడు నడస్తా ఉండా" అని
ఖచ్చితంగా చెప్పింది.
ఆ మాట పట్టే గడి లేదు.

కనిగిరి అవతల ఒక ఊరు.
వయసు నలభై రెండు, ఫోటోలో డెబ్బై.
తప్పు పడిందనుకుని
సరిచేయమని ఫారం వెనక్కి పంపాను.
అలాగే తిరిగొచ్చింది,
మూలన పెన్సిల్‌తో ఒక్క ముక్క:
"నీళ్ళు."

ఐదున్నరకు పేరా ఇచ్చేశాను.
వలసల వల్ల, అని రాశాను.
తక్కినదానికి జాగా చాలలేదు.

కంప్యూటర్ ఆపబోతూ నా పేరు వెతికాను.
పొదిలి, మా పాత బడిలోని బూతు.
నా పైన మా నాన్న.
పోయి ఆరేళ్ళు.
ఊరందరి పేర్లూ కొట్టేసిన చేత్తో
ఆ ఒక్క ఫారం నింపలేదు నేను.
ప్రతి జనవరికీ
ఆయనకు ఒక ఏడు పెరుగుతూనే ఉంది.