ఒక్క రికార్డూ పోదు

అమలాపురం కలెక్టరేట్, రెండో అంతస్తు.
ఏసీ చచ్చిపోయిన మీటింగు హాల్లో
గోడ మీద కొత్త సిస్టమ్ బొమ్మ పడింది.
గళ్ళు, గళ్ళ మధ్య బాణాలు,
అర్హులు ఇటు, అనర్హులు అటు.
కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు, సాకేత్ అట,
చొక్కా వీపుకి అతుక్కుపోయినా
మర్యాద తప్పకుండా అడిగాడు:
"పాత సాఫ్ట్‌వేర్‌తో మీ ఇబ్బందులు చెప్పండి సార్, రాసుకుంటాను."

సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని.
సర్వర్ నెమ్మదని చెప్పాను, అందరూ చెప్పారు.
సుందరపల్లి దయామణి బొటనవేలు గురించి చెప్పాను:
ముప్పై ఏళ్ళు కొబ్బరి పీచు తీసి తీసి
గీతలన్నీ అరిగి గులకరాయైన వేలు.
ఒకటో తారీఖు పదకొండుసార్లు నొక్కించి
పన్నెండోసారి నేనే తల తిప్పుకునేవాణ్ణి.
"ముఖంతో గుర్తుపడుతుంది ఇకమీదట," అన్నాడు.
మంచిదే. నిజంగానే మంచిదే.

తర్వాత లేచి నిలబడ్డాను.

పెచ్చెట్టి నాగమాణిక్యం, కూళ్ళవారిలంక,
వయసు డెబ్బై ఒకటి, భర్త లేడు.
మూడెకరాల పన్నెండు సెంట్లు.
హద్దు మూడు.
పన్నెండు సెంట్ల మిగులు చూసి
ఒక రాత్రి, ఎవరూ చూడకుండా,
మెషీను ఆవిడ పింఛను ఆపేసింది.

ఒక వరదకి అరటితోట,
మరో వరదకి కాపుకొచ్చిన కొబ్బరి,
ఆఖరికి మోటారు షెడ్డు, తాళంతో సహా,
నిలువునా జారి ఏట్లో పడ్డాయి.
అడంగల్లో మాత్రం
ఆ నేలకి ఇంకా తడైనా తగల్లేదు.

విచారణకి వెళ్తే
అరుగు మీద తవుడు జల్లిస్తూ అంది:
"ఆయ్, పొలం చూత్తారా బాబూ?
అయితే పడవ మాట్లాడుకుని రండి మరి."

నాలుగుసార్లు అర్జీ పెట్టాను.
నాలుగుసార్లూ పచ్చరంగులో వచ్చింది జవాబు:
పరిష్కరించబడినది.

హాల్లో ఎవరో దగ్గారు.
"ఆ డేటా రెవెన్యూ వాళ్ళది సార్,
మేం తెచ్చుకుంటాం అంతే, దిద్దలేం.
రెండో దశలో చూద్దాం."
ఆ మాట అన్నందుకు సిగ్గుపడ్డట్టే ఉన్నాడు.
వెంటనే తర్వాతి బొమ్మ వేశాడు,
పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కి డేటా వలస,
నాలుగు వారాలు.
"హామీ ఇస్తున్నాను, ఒక్క రికార్డూ పోదు."

అందరూ చప్పట్లు కొట్టారు.
నాకు కడుపులో చల్లబడింది.
పోదు!
గోదావరి తిన్న మూడెకరాల పన్నెండు సెంట్లు
సెంటు తగ్గకుండా, గట్టుతో సహా,
కొత్త ఇంట్లోకి భద్రంగా చేరతాయి.

అవసరాల పట్టికలో రెండువందల పద్నాలుగో వరస
ఖాళీగా ఉంటే నేనే టైపు చేశాను:
భూమి ఉందా?
ఉంది. లేదు. ఏట్లో ఉంది.
తహసీల్దారు గారు పగలబడి నవ్వారు.
సాకేత్ నవ్వలేదు.
చెరపలేదు కూడా. పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

సాయంత్రం పంటు ఎక్కాను.
రెండు బైకులు, ఒక మేకపిల్ల, రొయ్యల మేత బస్తాలు.
నడిమధ్యకి రాగానే ఇంజను గొంతు మారింది.
ఇక్కడే ఉండాలి మోటారు షెడ్డు, అనుకున్నాను.
నీళ్ళు ఎర్రగా, ఏమీ ఎరగనట్టు.
సంచి వేసుకున్న కుర్రాడు చెయ్యి చాపాడు.
నాగమాణిక్యం గారి పొలం దాటడానికి
పదిహేను రూపాయలు ఇచ్చాను.
చీటీ చింపి ఇచ్చాడు.