ఎక్స్‌రే కవరు

సువార్తమ్మ టీచరు పెట్టిన షరతు ఒక్కటే:
తప్పు కొట్టెయ్యకూడదు, కాయితం చించకూడదు.
కింద మళ్ళీ రాయాలి, తేదీ వెయ్యాలి,
దాచాలి.

దేంట్లో దాచను?
కొత్తపేట ఆస్పత్రిలో నా దగ్గుకి తీసిన
ఫోటో తాలూకు కవరు తప్ప ఏముంది?
ఎముకల్ని బయటికి తీసి గోడకి ఆనించాను,
కాయితాలకి చోటు దొరికింది.

మొదటిది మే నెలది, మిర్చి యార్డుకి సెలవులు.
'అ' కుడివైపునించి మొదలుపెట్టాను.
చిన్నప్పుడు మదరసాలో చెయ్యి నేర్చిన దారి అది,
నలభై ఏళ్ళైనా మరవలేదు.
టీచరు నవ్వలేదు. మణికట్టు పట్టుకుని
మెల్లిగా ఎడమ అంచుకి తీసుకొచ్చి వదిలింది,
రోడ్డు దాటించినట్టు.
ఆ 'అ'లు చూడాలి,
అన్నీ వాన్లో తడిసిన జంతికలు.

రెండోది, మూడోది వద్దులే.
నాలుగోదాంట్లో 'క'కి తలకట్టు మరిచాను.
"తలకి గుడ్డ కట్టకుండా తొడిమలు తీస్తావా?" అంది.
ఆ ఘాటు గుర్తొచ్చింది.
ఇహ ఏ అక్షరాన్నీ బోడితలతో పంపలేదు.
కట్టకూడనివాటికీ కట్టేశాను కొన్నాళ్ళు,
'కి'కి గుడీ, తలకట్టూ రెండూ.

ఇదిగో, 'మిరపకాయ'.
పక్కన ఎర్రటి వేలిముద్ర.
సంతకం రానప్పుడు వేసే నల్లముద్ర కాదిది,
కాయలు ఏరి చెయ్యి కడుక్కోకుండా రాశాను.

ఫిబ్రవరిలో ఒక్క కాయితమూ లేదు.
సీజను. లారీలు ఏటుకూరు రోడ్డు దాకా నిలబడ్డాయి.
మార్చిలో ఒకటుంది, మొదటిదానికంటే అన్యాయం.
మా ఇంటి మాటల్లో 'ళ' లేదు,
నాలుక మడిస్తే పిల్లలు నవ్వుతారు.
'నీల్లు' అని రాశాను.
"అవీ తాగొచ్చులే" అంది టీచరు, "తేదీ వెయ్యి."

తర్వాతది గుమాస్తా కాటా చీటీకి నకలు.
నలభై మూడు టిక్కీలని ఉంది.
మేం ఏరింది నలభై ఆరు.
ఆ వారం నోటితో అడిగితే లెక్కలు నీకేం తెలుసన్నాడు.
తర్వాతి వారం ఈ కాయితం పట్టుకెళ్ళాను.
రెండిటికి డబ్బులిచ్చాడు.
మూడోదాని గురించి ఇంకా రాస్తూనే ఉన్నాను.

నిన్న రాత్రి అన్నీ సర్ది లోపల పెడుతుంటే
ఏడాదిగా తిరగేస్తున్న కవరు మీద
బాల్‌పెన్ను గీతలు,
కళ్ళు వాటంతటవే కూడబలుక్కున్నాయి.
మ. స్తా. న. మ్మ.
వయసు యాభై రెండు.

ఎవరీ మస్తానమ్మ?
ఊపిరితిత్తులు నావి, దగ్గు నాది,
మూడొందలు కట్టింది నేను.
కొట్టేద్దామని పెన్ను తీశాను.
షరతు గుర్తొచ్చింది.

కింద రాశాను, 'న'కి పొల్లు పెట్టి,
'బీ'కి దీర్ఘం వంకర పోకుండా:
మస్తాన్‌బీ. నలభై ఎనిమిది.

తేదీ వేశాను.