గింత సందు

మిర్యాలగూడల సాగర్ రోడ్డు మీద
వెల్డింగు షెడ్డుకు ఆనుకొని నా గది.
పక్క మిల్లు ఊకబూడిద కిటికీ సందుల్లోంచి దిగి
పొద్దున తుడిచిన కీబోర్డు
పగటేల్లకు మల్ల నల్లగైతది.

తెరలోపల మాత్రం దుమ్ములేదు.
అక్కడ ఇనుముకు బరువుండదు.
ఇద్దరు మోసే బేరింగు పెట్టెను
ఒంటి వేలితో బొంగరం లెక్క తిప్పుత.
ఈ రంధ్రం అంచు నొక్కి, ఆ షాఫ్టు ఒళ్లు నొక్కి
కాన్సెంట్రిక్ అంట.
పేరు పెట్టి పిలిచిన మేకపిల్ల తీరు
టక్కున వచ్చి కూసుంటది.

మొదటి ముక్కను పాతెయ్యాలె.
మిగతావి దాన్ని పట్టుకొని నిలబడాలె.
మూడు దిక్కుల జరుగుడు, మూడు తీర్ల తిరుగుడు,
ఒక్కొక్కటే కోసుకుంట పోయి
ఏ ముక్కకూ కదిలే తొవ్వ లేకుంట జేస్తే
అసెంబ్లీ అయిపోయినట్టు.
గింతదానికే మూడేండ్లు పాలిటెక్నిక్ చదివిన.

వానకాలం వడ్లు కోతకొచ్చినయి.
యాద్గార్‌పల్లి దిక్కు మిల్లుల
నలభై రెండడుగుల ఎలివేటరు నిలబెడుతున్నరు.
నా తెరమీద పదహారు బోల్టులు, పదహారు రంధ్రాలు.
ఇనుముల పదకొండే దిగినయి.
పన్నెండో రంధ్రంలకెల్లి చూసిన:
నిండు గుండ్రంగ వెలుగు ఉండాల్సినకాడ
సగం మూసిన కన్ను.

"కంప్యూటర్ గీసింది గదా, తప్పెట్ల వస్తది?"
సేటు నన్నడుగుతున్నడో కంప్యూటర్‌ను అడుగుతున్నడో.
ల్యాప్‌టాప్ సిమెంటు బస్తా మీద పెట్టి తెరిచిన.
ఎర్రగీత ఒక్కటి లేదు. అంత సక్కగనే ఉంది.
అంత సక్కగ ఉన్నందుకే
నాకు ఏడుపొచ్చింది.

జానిపాష చాచ ఏం మాట్లాడలే.
బీడీ చెవి మీద పెట్టుకొని నిచ్చెనెక్కిండు.
మీదికెల్లి తూకం గుండు ఇడిసిండు.
గాలికి ఊగి ఊగి అది ఆగేదాక
ఆయన ఆగిండు, మేం ఆగినం,
రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్లు ఎట్లనూ ఆగే ఉన్నయి.

"నాలుగు మిల్లీలు గుంజుకపోయింది.
వెల్డింగు పెట్టినంక ఇనుము సల్లారుకుంట ముడుసుకుంటది బిడ్డా.
నీ దాంట్ల సల్లారుడు ఉంటదా?"

లేదు చాచా.
నా దాంట్ల వేడే లేదు.

బిగిచ్చిన పదకొండూ విప్పిచ్చిండు.
పిలగాండ్లు మూతులు ముడిసిన్రు.
"ముందుగాల అన్నీ దూర్సుడు. ఏదీ బిగియ్యొద్దు.
ఒకదాన్ని సూస్కోని ఒకటి సర్దుకోవాలె.
గప్పుడు ఎదురెదురు బిగియ్యాలె, కొంచెం కొంచెం."
తోకపానా పన్నెండో రంధ్రంల పొడిచి
దూడ మెడ వంచినట్టు చానెల్‌ను వంచిండు.
కన్ను తెరుసుకుంది.
ఆఖరుది మాత్రం మొండికేసింది,
గుండ్రటి ఆకురాయితో ఇరవై గీకుళ్లు అడిగింది.

మోటారు ఏసినంక బేరింగు పెట్టె మీద
రూపాయి బిళ్ల నిలువుగ పెట్టిండు చాచ.
బిళ్ల నిలబడ్డది.
నేను మాత్రం కూసున్న, అదే సిమెంటు బస్తా మీద.

రాత్రి ఆ ఫైలు మల్ల తెరిచిన.
గుండ్రటి రంధ్రాలు చెరిపి కోలగ గీసిన,
పధ్నాలుగు వెడల్పు, పద్దెనిమిది పొడుగు.
రిమార్కుల గడిల ఏం రాయాల్నో తోచక
గింత సందు ఉండాలె అని రాసి పంపిన.

తెల్లారి బాలానగర్ కటింగు షాపు నుంచి ఫోను:
"పొడుగుకు టాలరెన్స్ ఎయ్యలేదు.
మేడం, గింత అంటే ఎంత?"

బయటికి పోయి చాచను అడిగిన.
ఆయన బొటనవేలు, చూపుడువేలు ఎడంగ పట్టి
నా మొకం ముందట పెట్టిండు.
వాటి నడుమ వెర్నియర్ దూర్చిన.

నాలుగు పాయింట్ రెండు.
నాలుగు.
నాలుగు పాయింట్ మూడు.
అరవై ఏండ్ల చెయ్యి, జర వణుకుతది,
అంకె నిలవది.