రేవులో ఎండేవి

క్లియర్‌వాటర్‌లో ఆ సైంటాలజీ భవనం మెట్ల దగ్గర
నా కూతురు కల్లిరోయి అడిగిందట:
"మెడలో శిలువ ఉంచుకోవచ్చా?"
"నిక్షేపంగా. ఏ మతమైనా మాకు అభ్యంతరం లేదు."
నవ్వుతూ కాఫీ కూడా ఇచ్చారట.

ఆరేళ్లయింది.
ఈస్టరుకి ఎర్రగుడ్లు ముందేసుకుని అడిగాను,
"ఆ శిలువ మీదాయన గురించి
మీ పైమెట్ల కాగితాల్లో ఏముందమ్మా?"
"అక్కడిదాకా ఎక్కాక తెలుస్తుంది నాన్నా."
పెంకంతా పోయాక కూడా
గుడ్డు వలుస్తూనే ఉంది.

నేను చదువుకున్నవాణ్ణి కాను.
నలభై ఏళ్లు టార్పన్ స్ప్రింగ్స్‌లో
స్పాంజిల కోసం మునిగినవాణ్ణి.
అడుగున ఏముందో దిగేదాకా నాకూ తెలిసేది కాదు, నిజమే.
కానీ తెచ్చిందంతా రేవులో పరిచేవాళ్లం.
కుళ్లు కంపు.
కొననివాడు కూడా ముక్కు మూసుకుని
తిరగేసి చూసిపోయేవాడు.

మా గుడిలోనూ తెర ఉంది, కాదనను.
తెర వెనక ఫాదర్ గెరాసిమోస్ గొణిగేది
మునిగి మునిగి చెవుడొచ్చిన నాకే
సగం వినబడుతుంది.
మిగతా సగం పుస్తకంలో ఉంది,
అడిగితే ఇస్తాడు, విసుక్కుంటూ.

వెళ్లేముందు కల్లిరోయి
గొలుసు చొక్కా లోపలికి వేసుకుంది.
చలేమీ లేదు ఆ రోజు.