రెండు తరుగు

పొద్దున కాంటా మీద నిలబడితే
నలభై ఎనిమిదికి ఇరవై గ్రాములు తక్కువ.
ఎనుమాముల యార్డుల అమ్మ ఎత్తే మిర్చి బస్తా కన్న
నేను నాలుగు కిలోలు ఎక్కువ, గంతే.
రాత్రి సంది నీళ్లు ముట్టలే.
నాలిక సున్నం గొట్టిన గోడ లెక్క.

సాయంత్రం గెలిచిన.

చెప్పుడు అల్కగనే ఉన్నది.
కానీ చెయ్యి లేపే ముందు ఒక నిమిషం ఉంటది చూడు,
రెఫరీ నడిమిట్ల నిలబడి
ఒక చేత్తో నా మణికట్టు, ఒక చేత్తో ఆమె మణికట్టు పట్టుకుంటడు,
ఇద్దరు బడిపిల్లలను రోడ్డు దాటిచ్చినట్టు.
మైకు గరగరమంటది.
అప్పుడు నాకెరుకే, నేను ఓడిపోయిన.
తను ఓడిపోయిందని ఆమెకూ అనిపిచ్చిందట, తర్వాత చెప్పింది.
మూడు – రెండు. ఎర్ర మూల.
చెయ్యి మీదికి లేచినంక
ఇది నాదేనా అని తలెత్తి చూసిన.

జాడి రజిత. బెల్లంపల్లి.
వాళ్ల నాయిన బాయిల దిగుతడు.
చీకట్ల చూసుడు ఇంట్లనే నేర్చుకున్నదో ఏమో,
రెండో రౌండుల నా పక్కటెముక కింద ఒకటి పెట్టింది,
నేను మొఖం మీద ఏమీ పడనియ్యలే,
అయినా కనుక్కున్నది.
బౌటయినంక నా సీసల సగం నీళ్లు తాగి,
కాగజ్‌నగర్ రైలు పోతదని
చేతి పట్టీలు విప్పకుంటనే ఉరికింది.

యాకూబ్ సార్ శాబాష్ అనలే.
గ్లోవ్స్ ముడి విప్పుకుంట ఒక్కటే అడిగిండు:
“మూడో రౌండుల నీ ఎడమ చెయ్యి ఏడికి వోయింది?”
నేను నేల దిక్కు చూసిన.
ఏడికి వోతది సార్.
నొప్పున్న కాడికే వోయింది.
పొమ్మని నేను చెప్పలే,
ఏడ్చే పిల్ల దగ్గరికి తల్లి లేచి పోయినట్టు
దానంతట అదే దిగింది.
దవడ కాడ తలుపు తెరిచిపెట్టి.

దేశాయిపేట చేరేసరికి కరెంటు లేదు.
అమ్మ చేతులు కడుక్కున్నా ఘాటు పోదు,
నా కనుబొమ్మ మీది గాటును ముట్టదు.
మోచేత్తో గడ్డం లేపి
ఫోను వెలుగుల చూసింది.
“ఎంత తోని గెలిచినవ్?”
“మూడు రెండు.”
అమ్మకు జాబ్ తెల్వది, హుక్ తెల్వది,
పదిహేనేండ్ల సంది కాంటా తెలుసు.
“అయితే ఐదుల రెండు తరుగు తీసిన్రన్నట్టు.”

నాకు కోపమొచ్చింది.
ఆ ఇద్దరు జడ్జీలకు కండ్లు లేవన్న,
బెల్లంపల్లోళ్ల దిక్కు కూసున్నరన్న,
ఇంకేందేందో అన్న.
అమ్మ చెరిగే చాట ఆపలే.
“యార్డుల తరుగు దొంగతనం బిడ్డా, అది నాకెరుకే.
నీ కాడ తాలు ఎంతున్నదో
నీకెరుక.”

తాలు.
బస్తా మూతి కాడ నిగనిగలాడే కాయ పోస్తరు,
కొనేటోడు చెయ్యి అడుగుదాక పెట్టి తీస్తడు.
అడుగున తెల్లగ పాలిపోయిన కాయ వస్తది.
అది ఎవడు పోసిండు?
నేనే పోసిన.

ముగ్గురు ఎందుకు ఎర్ర మూల అన్నరో ఇప్పటికీ తెల్వదు.
ఆఖరి పది సెకన్లకు అన్నరేమో,
నేను ముందుకు నడిచినందుకు అన్నరేమో.
వాళ్లను తలుచుకుంట నిద్రపోవచ్చు.
కానీ నిద్రల నా పక్కన కూసున్నది ఆ ఇద్దరే,
మొఖాలు లేవు, ఒక్కొక్కరి చేతిల ఒక పెన్సిలు,
నా ఎడమ చెయ్యి దిగుడు చూసుకుంట.

తెల్లారి నాలుగున్నర.
అమ్మ తువ్వాల తలకు చుట్టుకొని యార్డుకు పోయింది.
చాటల మిగిలిన తాలు కాయ ఒకటి తీసి
చెంపకు పిడికిలికి నడుమ పెట్టుకున్న.
దిగితే పడతది.
వాకిట్ల, చీకట్ల, కుడిచెయ్యి ఇసురుకుంట లెక్కవెట్టిన.
కండ్లల్ల నీళ్లు, అది ఘాటే.
పదకొండో దెబ్బకు కాయ పడ్డది.

వంగి తీసుకున్న.
మల్ల ఒకటి.