సముద్రపుటావుల పద్దు

పదిహేడు వందల దినార్లు.
మా నాఖుదా జాసిం పడవకి
కొత్త ఇంజను కూడా రాని సొమ్ము
ఎక్కడి నుంచో ఆవుల కోసం వచ్చింది,
నీళ్ళలో మేసే ఆవుల కోసం.

అస్కర్ రేవులో ఆ సాయంత్రం
ఐసుపెట్టె మీద కూర్చుని
బదూర్ టీచరమ్మ ఫారం చదివింది.
అరబ్బీలో ఒకసారి, మా కోసం హిందీలో ఇంకోసారి.
ఆమెది సినిమాలు నేర్పిన హిందీ,
ప్రతి వాక్యం చివరా ఎవరో ఎవరినో
ప్రేమిస్తున్నట్టే ఉంటుంది.

'ఈ పని చేసే సముదాయం ఎవరు?' అని ఒక గడి.
జాసిం పదకొండు పేర్లు చెప్పాడు.
పదకొండూ పడవలున్నవాళ్ళవే.
వల లాగే చేతులు ఆ గడిలో పట్టలేదు.
నేనేమీ అనుకోలేదు.
అనుకోవడం కూడా వీసాలో రాసి ఉండాలి కదా.

సొమ్ము ఎటు పోయిందో చెబుతాను,
దాచడానికి అందులో ఏముంది గనక.
పొడుగాటి వలలు కోసి పొట్టి చేయడానికి కొంత.
గర్గూర్ బుట్టల తలుపులకి నూలుతాడు:
బుట్ట తప్పిపోతే తాడు కుళ్ళి ఊడి
లోపలి చేప తన దారి తాను చూసుకుంటుంది.
అడుగున చిక్కుపడ్డ పాత వలలు కోసి తీసే రోజులకి డీజిలు.
ఒక డజను నోటుపుస్తకాలు, పెన్సిళ్ళు.
చివరికి నలభై దినార్లు మిగిలితే
బదూర్ రసీదులతో సహా కవర్లో పెట్టి
పిన్ను కొట్టింది.

పుస్తకం నా చేతికొచ్చింది.
అందరి కళ్ళూ వల మీదుంటే
దానయ్య కళ్ళు మాత్రం ఊరికే నీళ్ళ మీదుంటాయని
జాసిం ఎప్పుడూ తిట్టేవాడు.
ఆ తిట్టే ఉద్యోగమైంది.

అరబ్బీ రాదు. తెలుగులోనే రాశాను.
'మంగళవారం. షమాల్ గాలి. ఏమీ లేదు.'
'బుధవారం. ఏమీ లేదు.'
'గురువారం. నీళ్ళు పచ్చిపాలలా ఉన్నాయి.
గడ్డి తెగి తేలింది, ఎవరో మేసి వెళ్ళినట్టు.'

ఇరవై ఏడో వరుసలో వచ్చింది.
మొదట ముక్కు,
రెండు రంధ్రాలు తెరిచి
మా నాయన చుట్ట పొగ వదిలినంత తీరిగ్గా
ఊపిరి వదిలింది.
పక్కన దూడ.
ఎవరూ చెప్పకుండానే మొఫిజుల్ ఇంజను ఆపేశాడు.
జాసిం ఖర్జూరం నమలడం ఆపాడు.
భావనపాడు అలల్లో పుట్టి పెరిగాను గానీ
సముద్రానికి పొదుగుంటుందని నాకు తెలీదు.

ఆగస్టులో ఒకటి చచ్చి కొట్టుకొచ్చింది.
మా వల కాదు.
మా వల కాదని ఎంతసేపు అనుకున్నానో
అంతసేపూ దాని తోకకి చుట్టుకున్న నైలాను రంగు చూశాను.
ఆకుపచ్చ.
మాదీ ఆకుపచ్చే. అందరిదీ ఆకుపచ్చే.
ఆ రోజు వరుసలో ఒక్క మాటే రాయగలిగాను: 'తోక.'
రాత్రి జాసిం తన పాత వలని తానే కోశాడు,
దీపం పెట్టుకోకుండా.

లెక్క చెప్పే రోజు బదూర్ పుస్తకం తిరగేసి
ఒక చోట వేలు పెట్టింది.
"ఆవు పేరు ఇదేనా? ప్రతి పేజీలోనూ ఉంది."
చూశాను. 'ఏమీ లేదు.'
అర్థం చెప్పాను.
నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.
"డబ్బిచ్చినవాళ్ళకి ఇది కూడా తెలియాలి" అని
నేను చదువుతుంటే
రోజుకొకటి చొప్పున నా ఏమీ లేదులన్నీ
కుడి నుంచి ఎడమకి రాసుకుంది.

సముదాయం గడిలో ఇంకా పదకొండు పేర్లే.
రెండో ఏటి సొమ్ము వస్తుందో రాదో.
నా వీసా మార్చి దాకా.
పుస్తకంలో పద్నాలుగు పేజీలున్నాయి.

మొఫిజుల్‌కి ఏ భాషలోనూ అక్షరం రాదు.
ఐసు కరిగిన నీళ్ళతో పడవ చెక్క మీద
రాత్రుళ్ళు దిద్దిస్తున్నాను.
ముందు 'ఏమీ లేదు.'
అది వచ్చాక
'దూడ.'